ఊగే బండి కింద నిలబడి

మా మామయ్య గారు ఆర్టీసీ గ్యారేజీలో 32 ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఏ బండినైనా ముందు కింద నుంచి చూడడం ఆయనకు అలవాటు. మేము ఉండేది ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటికి పైనున్న మేసన్ అనే ఊళ్ళో. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే ఒకసారి నయాగరాకు, వారానికోసారి గుడికి, ఒక శనివారం కింగ్స్ ఐలాండ్ అనే వినోద పార్కుకు తీసుకువెళ్ళడం ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆనవాయితీగా మారిపోయింది. కిందటి వేసవిలో అత్తయ్య గారిని, మామయ్య గారిని మేమూ అలాగే తీసుకువెళ్ళాము. అత్తయ్య గారు, మా వారు ఒక చెట్టు నీడన పులిహోర డబ్బాతో స్థిరపడ్డారు. పదకొండేళ్ళ మా అబ్బాయి "ది బ్యాట్" ఎక్కాలని పట్టుబట్టడంతో నేనూ మామయ్య గారూ వాడి వెంట బయలుదేరాము.

ది బ్యాట్ అంటే గబ్బిలం. పేరుకు తగ్గట్టే అది వేలాడే రోలర్ కోస్టర్. పట్టాలు పైన ఉంటాయి, బండి వాటి కింద వేలాడుతూ పోతుంది, మలుపు వచ్చినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతుంది. చెట్ల మధ్యనున్న పల్లంలోకి దిగే ఆ దారిలో ఒకచోట మామయ్య గారు ఆగి, చేతులు వెనక్కు కట్టుకుని, రెండు బండ్లు వెళ్ళేదాకా తల పైకెత్తి చూస్తూ నిలబడ్డారు. తరువాత నా వైపు తిరిగి, "అమ్మాయీ, మామూలు బండి పట్టా మీద కూర్చుంటుంది. ఇది పట్టాకు వేలాడుతోంది. ఇందరి బరువును మోస్తున్నది పైనున్న ఆ పిన్నే కదా. దాన్ని ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళకొకసారి చూస్తారు?" అని అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు. ఇన్నేళ్ళుగా సీజను పాసు కొనుక్కుని, ప్రతి వేసవిలోనూ ఎక్కుతున్న బండిని ఏది పట్టి ఉంచుతోందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ రాత్రి మొదలుపెట్టి దాదాపు నెల రోజులు ఈ విషయం చదివాను, చదివినదంతా ఏ పూటకు ఆ పూట కాఫీ దగ్గర మామయ్య గారికి చెప్పాను, ఆయన ఆపి అడిగిన చోటల్లా మళ్ళీ వెతికాను. ఈ టపా చాలావరకు ఆ కాఫీ సంభాషణల సారమే.

ఊగే కోస్టర్ ఎక్కినవాళ్ళు చెప్పుకునే భయాలు దాదాపు అందరివీ ఒకేలా ఉంటాయి. బండి మరీ ఎక్కువగా ఊగి పక్క స్తంభానికి కొట్టుకుంటుందేమోనన్నది ఒకటి, పైన కీలు తెగుతుందేమోనన్నది రెండవది. ఊపు మధ్యలో బండి ఆగిపోతే కాళ్ళ కింద ఏమీ లేకుండా ఎలా దింపుతారన్నది మూడవది. వీటిని నవ్వి తోసిపారేసే కోస్టరు అభిమానులు చాలామంది ఉన్నారు, వాళ్ళ ధోరణి నాకు నచ్చదు. నేను చదివినంతలో ఈ భయాలు అర్థంలేనివి కావు, కాకపోతే వాటిలో చాలావరకు చూడవలసిన చోటికి కాక వేరే చోటికి చూస్తున్నాయి.

ముందు పైనున్న ఆ భాగం సంగతి చెప్పాలి. పట్టా మీద చక్రాల చట్రం ఒకటి నడుస్తుంది. అందులో బరువు మోసే చక్రాలు, పక్కకు జారకుండా ఆపే చక్రాలు, పట్టాను రెండో వైపు నుంచి పట్టుకుని చట్రం పైకి లేవకుండా చూసే చక్రాలు అని మూడు రకాలు ఉంటాయి. మూడు వైపుల నుంచీ పట్టాను పట్టుకుని ఉండడం వల్ల చట్రం పట్టా తప్పడం మామూలు పరిస్థితుల్లో జరగదు. ఆ చట్రం నుంచి ఒక ఉక్కు చెయ్యి కిందికి దిగుతుంది, దాని చివర మనం కూర్చునే పెట్టె ఉంటుంది. ఆ చెయ్యి చట్రంతో కలిసే చోట, పట్టాకు సమాంతరంగా అమర్చిన ఇరుసు మీద, బండి కుడి ఎడమలకు మాత్రమే ఊగగలదు, ముందుకూ వెనక్కూ ఊగలేదు. ఊపు హద్దు మీరకుండా, ఊగిన బండి గంటలోని నాలుకలా కొట్టుకోకుండా, చేతికీ చట్రానికీ నడుమ షాక్ అబ్సార్బర్లు ఉంటాయి. ఈ మాట వినగానే మామయ్య గారు కుర్చీలో ముందుకు జరిగారు. బస్సులో షాక్ అబ్సార్బరు పని అయిపోతే ప్రయాణికుడి నడుముకు తెలుస్తుంది కాని బస్సు ఆగదని, ఇక్కడ మాత్రం ఆ దెబ్బ నేరుగా ఇరుసుకూ, దాని చుట్టూ తొడిగే గొట్టం లాంటి బుష్‌కూ తగులుతుందని, కాబట్టి తానైతే చూసేది ముందు పిన్నును కాదని, బుష్‌లో ప్లే, అంటే వదులు, వచ్చిందా లేదా అన్నదేనని చెప్పారు. నట్టు మీద చిన్న సుత్తితో కొట్టి శబ్దాన్ని బట్టి అది వదులైందో లేదో చెప్పగలిగిన మనిషి ఆయన.

ఆయన ఊహించినదే మొదటి గబ్బిలానికి జరిగింది. ఇప్పుడున్న ది బ్యాట్ ఆ పేరుతో ఆ పార్కులో రెండవది. మొదటిదాన్ని యారో డెవలప్‌మెంట్ అనే సంస్థ నిర్మించింది. ఆ సంస్థలో ఆ కాలానికి పేరుపొందిన కోస్టర్ రూపకర్త రాన్ టూమర్. 1981లో అది తెరుచుకున్నప్పుడు ఆధునిక కాలంలో వేలాడుతూ ఊగే మొదటి కోస్టరు అదే. అయితే దాని పట్టాలను మలుపుల దగ్గర లోపలికి వాల్చలేదు. బండి తనంతట తానే ఊగి వాలుతుంది కదా, పట్టాను వాల్చడం దేనికని అనుకుని ఉంటారు. కాగితం మీద చూస్తే ఆ తర్కం బాగానే కనిపిస్తుంది. నిజానికి ఎన్నో టన్నుల బండి వేగంగా ఊగుతూ మలుపు తిరిగినప్పుడల్లా ఆ లాగుడంతా వాల్చని పట్టాను మెలిపెట్టింది, స్తంభాలను పక్కకు గుంజింది, షాక్ అబ్సార్బర్లను అరగదీసింది. బండి నడిచిన రోజుల కంటే మరమ్మతుల్లో ఉన్న రోజులే జనానికి ఎక్కువగా గుర్తుండిపోయాయి. 1983 సీజను తరువాత దాన్ని మళ్ళీ తెరవలేదు. దాని స్టేషన్‌ను మాత్రం పడగొట్టకుండా ఉంచి, 1987లో అక్కడే వోర్టెక్స్ అనే వేరే కోస్టరు కట్టారు.

ఈ కథలో నన్ను ఆకట్టుకున్న విషయం వేరే ఉంది. మొదటి గబ్బిలం చెడ్డ పేరు తెచ్చుకున్నది మనుషులను గాయపరిచి కాదు, మాటిమాటికీ ఆగిపోయి. ఎండలో గంటన్నర వరుసలో నిలబడ్డాక రైడు ఆగిపోయిందని చెబితే మనందరికీ కోపం వస్తుంది. పేరు చెప్పను కాని, ఇంకో ఊళ్ళోని పార్కులో ఒకసారి అలాగే జరిగితే ఆ పిల్లవాడి మీద, అంటే అక్కడ పనిచేసే కుర్రవాడి మీద, నేనే విసుక్కున్నాను. మామయ్య గారు ఆ మాట విని, డిపోలో కూడా డ్రైవరు "బండిలో తేడా ఉంది" అని రాసి ఇస్తే సర్వీసు రద్దయి ప్రయాణికులు తిట్టేవారని, రాయకుండా తీసుకుపోయిన రోజునే తమకు గుండె దడగా ఉండేదని అన్నారు.

యారో సంస్థ తరువాతి బండ్లలో పట్టాలను మలుపుల వద్ద వాల్చింది. 1984లో వర్జీనియాలోని బుష్ గార్డెన్స్‌లో బిగ్ బ్యాడ్ వుల్ఫ్, 1987లో మా ఒహాయోలోనే సీడార్ పాయింట్‌లో ఐరన్ డ్రాగన్, 1988లో కాలిఫోర్నియాలోని సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో నింజా, 1991లో కెనడాస్ వండర్‌ల్యాండ్‌లో మరొక వోర్టెక్స్ వచ్చాయి. మేము నిలబడి చూసిన బండి 1993లో టాప్ గన్ అనే పేరుతో మొదలై, 2008లో ఫ్లైట్ డెక్ అయి, 2014 నుంచి ది బ్యాట్ అయింది. బిగ్ బ్యాడ్ వుల్ఫ్ 25 ఏళ్ళు నడిచాక, దాని సేవాకాలం పూర్తయిందని చెప్పి 2009లో పార్కే దాన్ని ఆపేసింది. "అంటే దీనికీ రిటైర్మెంట్ వయసు ఉందన్నమాట" అని మామయ్య గారు సంతోషించారు.

ఊగడం ప్రమాదమన్న భావన ఎంతవరకు సరైనదో చూడడానికి చెంబును గుర్తు తెచ్చుకోవడం మంచిది. నీళ్ళ చెంబుకు తాడు కట్టి గుండ్రంగా తిప్పితే నీళ్ళు ఒలకవు, ఎందుకంటే చెంబు తానే వాలి, లాగే బలం ఎటు ఉంటే అటు తన అడుగును తిప్పుకుంటుంది. ఊగే కోస్టరు బండి చేసేదీ అదే. సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తున్న బండి 15 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరిగితే దాన్ని బయటికి లాగే బలం బరువుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మామూలు బండి వాలని పట్టా మీద ఆ మలుపు తిరిగితే ఆ బలమంతా మన భుజాన్ని పక్కవాడి మీదికి నెడుతుంది. స్వేచ్ఛగా వేలాడే బండి అయితే నిలువు నుంచి సుమారు 56 డిగ్రీలు వాలుతుంది, అప్పుడు బరువూ లాగుడూ కలిసి 1.8 రెట్ల బలంగా సూటిగా సీటులోకి దిగుతాయి. శరీరం ఆ దిశలో బలాన్ని తేలికగా తట్టుకుంటుంది. కాబట్టి కంటికి భయంకరంగా కనిపించే ఆ వాలడమే మెడకూ నడుముకూ మేలు చేస్తోంది. ఇబ్బంది వచ్చేది మలుపు అయిపోయి వెంటనే ఎదురు దిశలో మరో మలుపు వచ్చినప్పుడు, ఎందుకంటే ఊగే వస్తువు చెప్పిన వెంటనే ఆగదు, ఉయ్యాల దిగబోయే పిల్లవాడికి ఆ సంగతి బాగా తెలుసు. అక్కడే షాక్ అబ్సార్బర్ల అవసరం, అక్కడే పట్టా వాలు అవసరం.

బండి ఎంత ఊగినా తగలని విధంగా దాని చుట్టూ ఖాళీ ఉంచడం రూపకల్పనలో భాగం. అత్యధికంగా ఊగిన బండిలో, చెయ్యి చాపి కూర్చున్న పొడగరి మనిషి వేలికొస కూడా స్తంభానికి అందకుండా లెక్క కట్టి, ఆ హద్దు లోపలికి ఏదీ రాకుండా చూస్తారు. అందుకే ఇలాంటి బండి కోసం కట్టిన స్తంభాలు కూర్చున్నవాడికి దగ్గరగా కనిపించినా నిజానికి దూరంగా ఉంటాయి. కాని ఉక్కు స్తంభం ఎక్కడ పెట్టామో అక్కడే ఉంటుంది, చెట్టు అలా ఉండదు.

2014 జులై 7న నింజాకు జరిగింది ఇదే. పైన్ చెట్టు కొమ్మ ఒకటి పట్టాకు అడ్డంగా పడింది, 22 మంది ఉన్న బండి వచ్చి దాన్ని ఢీకొంది, ముందు పెట్టె పట్టా తప్పింది. నలుగురికి స్వల్ప గాయాలయ్యాయి. చెట్ల మధ్య, నేలకు ఎంతో ఎత్తున వాలిపోయి నిలిచిన ఆ బండి నుంచి అగ్నిమాపక సిబ్బంది అందరినీ క్షేమంగా దింపేసరికి సుమారు మూడు గంటలు పట్టింది. ఊగే కోస్టర్ల చరిత్రలో అందరికీ గుర్తుండిపోయిన ప్రమాదం ఇది. ఇందులో కీలు తెగలేదు, ఊపు హద్దు మీరలేదు. తప్పు చేసినది పక్కన కదలకుండా నిలబడ్డ చెట్టు. ఇది చదివాక మామయ్య గారికి చెబితే ఆయన ఒక్క మాట అన్నారు: "మనం నిలబడ్డ చోట అన్నీ చెట్లే కదమ్మా." అవును, అన్నీ చెట్లే. వేలాడే బండ్లను అడవిలా ఉన్న చోట్ల పెట్టడం అందం కోసమే, ఆకుల మధ్య నుంచి దూసుకుపోతున్నట్టు అనిపించడానికే. ఆ అందానికి మూల్యం ఏమిటంటే చెట్లు నరికేవాళ్ళ పని కూడా మెకానిక్ పని అంత ముఖ్యమైపోతుంది. నేను ఇప్పుడు ఆ దారిలో నడిచేటప్పుడు పట్టాను చూడను, ఎండిన కొమ్మలను చూస్తాను.

రెండవ సంగతి చెప్పడానికి కష్టంగా ఉంది. వేలాడే కోస్టర్ల దగ్గర జరిగిన మరణాల్లో కొన్ని బండిలో కూర్చున్నవాళ్ళవి కావు, కింద ఉన్నవాళ్ళవి. 2015 ఆగస్టులో సీడార్ పాయింట్‌లో రాప్టర్ అనే వేలాడే కోస్టరు కింద, పడిపోయిన ఫోను కోసం కంచె దాటి వెళ్ళిన ఒక వ్యక్తి బండి తగిలి చనిపోయారు. 2024 జూన్‌లో మా పార్కులోనే, ది బ్యాట్‌కు పొరుగున ఉన్న బాన్షీ దగ్గర, అలాగే నిషేధిత ప్రాంతంలోకి వెళ్ళిన మరొకరు బండి తగిలి మరణించారు. రాప్టర్, బాన్షీ రెండూ ఊగనివి, పట్టాకు బిగించి వేలాడేవి, అయినా పాఠం ఒకటే. మామూలు కోస్టరు కింద పట్టా ఉంటుంది కాబట్టి మనిషి బెదిరి దూరంగా ఉంటాడు. వేలాడే దాని కింద ఉన్నది గడ్డి, పచ్చగా, ప్రశాంతంగా, ఇంటి పెరడులా. అందులో మెరుస్తూ కనిపిస్తున్న తాళంచెవులు తెచ్చుకోవడానికి అర నిమిషం చాలనిపిస్తుంది. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి నుంచి వేలాడే కాళ్ళు ఆ అర నిమిషంలో అక్కడికి వస్తాయి. ఇది రాస్తుంటే ఒక విషయం గుర్తొచ్చి నాకే సిగ్గుగా ఉంది. అబ్బాయి టోపీ ఒకసారి కంచె అవతల పడితే, అక్కడి ఉద్యోగికి చెప్పకుండా, కంచె సందులోంచి గొడుగుతో లాగడానికి నేను ప్రయత్నించాను.

మూడవది కంటికి కనిపించనిది. 2017 జులైలో ఒహాయో రాష్ట్ర జాతరలో ఫైర్ బాల్ అనే ఊగే రైడు చెయ్యి విరిగి ఒక యువకుడు మరణించాడు, ఏడుగురు గాయపడ్డారు. అది కోస్టరు కాదు, లోలకంలా ఊగేది. మన ఎగ్జిబిషన్లలో ఊగే పడవను కొలంబస్ అంటాము, ఆ ప్రమాదం కొలంబస్ నగరంలోనే జరగడం ఎందుకో నా మనసులో నాటుకుపోయింది. తయారీదారు దర్యాప్తులో తేలినదేమిటంటే, భారం మోసే దూలం లోపల నుంచి తుప్పు పట్టి గోడ మందం ఏళ్ళ తరబడి తరిగిపోయింది. ఆ రైడు అప్పటికి 18 ఏళ్ళది, ఆ రోజే తనిఖీలో అనుమతి పొందింది. 2019 జులైలో అహ్మదాబాద్‌లో కాంకరియా చెరువు దగ్గర ఊగే రైడు విరిగి ప్రాణాలు పోయిన సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. జాతరలకు తిరిగే రైడ్లను వారానికొకచోట విప్పి, లారీలో ఎక్కించి, మళ్ళీ బిగిస్తారు. శాశ్వత పార్కులో పునాది మీద నిలిచిన కోస్టరుకు ఆ బాధ లేదు. అయినా తుప్పుకు చిరునామాతో పని లేదని మామయ్య గారి అభిప్రాయం. బస్సు చాసీలో పైకి రంగు బాగున్న చోటనే లోపల తినేసి ఉండడం ఆయన ఎన్నోసార్లు చూశారట.

ఆయన మొదటి ప్రశ్నకు, అంటే ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళకొకసారి చూస్తారు అన్నదానికి, దొరికిన సమాధానం ఇది. ప్రతి ఉదయం గేట్లు తెరవకముందే మెకానిక్కులు పట్టా వెంబడి చూసుకుంటూ వెళ్తారు, బండ్లను ఖాళీగా తిప్పుతారు, చక్రాలను, పట్టీలను, తాళాలను పరీక్షించి సంతకం చేస్తారు. ఒహాయోలో చలికాలమంతా కోస్టర్లు ఆగి ఉంటాయి కాబట్టి అప్పుడు బండ్లను షెడ్డులోకి తెచ్చి ముక్కలు ముక్కలుగా విప్పుతారు. ఇరుసులు, పిన్నులు, వెల్డింగు అతుకులను పగలగొట్టకుండానే లోపలి పగుళ్ళను పట్టే పరీక్షలకు పంపుతారు. ఇరుసును అయస్కాంతీకరించి సన్నని ఇనుప పొడిని దాని మీద వేస్తే, కంటికి అందని పగులు ఉన్న చోట ఆ పొడి గీతలా పేరుకుంటుంది. మామయ్య గారు ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. తాము సుత్తితో, చెవితో చేసిన పనిని వీళ్ళు కంటికి కనిపించేలా చేస్తున్నారని తరువాత అన్నారు.

ఇక ప్రభుత్వం తరఫున ఎవరు చూస్తారన్నది విని ఆయన నవ్వారు. ఒహాయోలో రైడ్ల తనిఖీ వ్యవసాయ శాఖ చేతిలో ఉంది. పూర్వం రైడ్లన్నీ రైతుల జాతరల్లోనే ఉండేవి కాబట్టి అలా వచ్చి ఉంటుందని నా ఊహ. నార్త్ కరోలినాలో ఆ పని కార్మిక శాఖది. దేశమంతటికీ కలిపి చూసే అధికారి మాత్రం లేడు. మొదటి గబ్బిలం ఎగిరిన 1981లోనే అమెరికా కాంగ్రెసు, శాశ్వత పార్కుల్లోని రైడ్లను వినియోగదారు ఉత్పత్తుల భద్రతా సంఘం అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పరిధి నుంచి తొలగించింది. తిరిగే జాతర రైడ్లు మాత్రం ఆ పరిధిలోనే మిగిలాయి. కాబట్టి ఒకే నమూనా కోస్టరు రెండు రాష్ట్రాల్లో ఉంటే రెండు రకాల తనిఖీలు జరుగుతాయి. రూపకల్పనకు సంబంధించి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ రాసిన ప్రమాణాలు ఉన్నాయి, చాలా రాష్ట్రాలు వాటిని పాటిస్తాయి, అయినా ఈ ఏర్పాటు నాకు అతుకుల బొంతలాగే అనిపిస్తుంది. ఫైర్ బాల్ ప్రమాదం తరువాత ఒహాయో 2019లో తన చట్టాన్ని కఠినతరం చేసి, తుప్పు, అలసట విషయంలో మరింత శ్రద్ధ పెట్టింది. అలసట అంటే మనుషులది కాదు, ఇనుముది. ఒకే చోట లక్షల సార్లు వంగితే ఇనుము కూడా అలిసిపోతుంది, ఊగే బండి కీలుకు ఉన్న అసలు శత్రువు అదే.

రైడు ఎక్కేవాళ్ళ ఆందోళనను పార్కులు పట్టించుకోవాలా, అది అనవసరపు రొదా అన్న ప్రశ్నకు 2023 జూన్ నెలాఖరులో ఒక సమాధానం దొరికింది. నార్త్ కరోలినాలోని షార్లట్ నగరం దగ్గరి కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 అనే భారీ కోస్టరు స్తంభంలో, పైభాగాన, అడ్డంగా పగులు ఉందని మొదట గమనించి చెప్పినది ఇంజనీరు కాదు, తనిఖీదారు కాదు, పార్కుకు వచ్చిన ఒక సందర్శకుడు. బండి పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా ఆ స్తంభం రెండు ముక్కలుగా విడివడి కదలడం వీడియోలో స్పష్టంగా కనిపించింది. కొన్ని రోజుల ముందు తీసిన ఫోటోల్లోనూ ఆ పగులు ఉందని తరువాత తేలింది. కోస్టరును మూసి, కొత్త స్తంభం తెప్పించి నిలబెట్టి, పరీక్షలన్నీ అయ్యాక ఆగస్టులో మళ్ళీ తెరిచారు. అది ఊగే బండి కాదు, వేలాడేదీ కాదు. కాని పగులు ఉన్నది, అందరూ కదిలే బండిని చూస్తుండగా, కదలకూడని స్తంభంలో. నింజా దగ్గర చెట్టు, రాప్టర్ దగ్గర కంచె, ఫైర్ బాల్‌లో దూలం లోపలి తుప్పు, ఇక్కడ స్తంభం. మన కళ్ళు ఊగే దాని వెంటే పోతాయి, ముప్పు మాత్రం చాలాసార్లు మనం చూడని చోటే ఉంటోంది.

మధ్యలో ఆగిపోతే ఎలా అన్న భయం గురించి కూడా ఒక మాట. బండి గొలుసు మీద ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దం, బండి వెనక్కు జారకుండా ఒక్కొక్క పన్ను దగ్గరా పడే కొక్కేనిది, గొలుసు తెగినా అది పట్టుకుంటుంది. దారిని రైల్వే సిగ్నళ్ళలా భాగాలుగా విడగొట్టి, ముందు భాగం ఖాళీ అయితే తప్ప వెనుక బండిని వదలరు. బ్రేకులు గాలి ఉంటే తెరుచుకునే రకం, గాలి పోతే వాటంతట అవే బిగుసుకుంటాయి. ఆర్టీసీ బస్సు హ్యాండ్ బ్రేకు లోపలి స్ప్రింగు కూడా అంతేనని, గాలి లేకపోతే బస్సు అంగుళం కూడా కదలదని, అందుకే తెల్లవారుజామున డిపోలో బస్సులన్నీ గాలి నింపుకుంటూ రొద చేస్తాయని మామయ్య గారు పూర్తి చేశారు. కాబట్టి బండి మధ్యలో ఆగడం ప్రమాదం కంటే ముందుజాగ్రత్త కావడానికే ఎక్కువ అవకాశం. మెట్లు లేని చోట ఆగితే దింపడం ఆలస్యమవుతుంది, భయమూ వేస్తుంది, అది మాత్రం ఒప్పుకోవలసిందే.

రక్తపోటు, వెన్నునొప్పి, కంటి ఆపరేషను ఉన్న పెద్దవాళ్ళు ఇలాంటి బండి ఎక్కకూడదు. మన దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల ప్రయాణ బీమాలో పాత జబ్బులకు సంబంధించిన నిబంధనలు చదివినవారెవరూ వాళ్ళను సరదాకైనా ఎక్కించరు. మామయ్య గారికి రక్తపోటు ఉంది, ఆయన ఎక్కలేదు. ఎత్తు కొలిచే కర్ర దగ్గర మా అబ్బాయి ఉత్తీర్ణుడయ్యాడు, నేను వాడి పక్కన కూర్చున్నాను, పట్టీ బిగించి ఉద్యోగి రెండుసార్లు లాగి చూసింది. పైకి ఎక్కుతున్నంతసేపూ మా వాడు కింద తాతయ్య కోసం వెతుకుతున్నాడు, నేను మాత్రం మొదటిసారి తల పైకెత్తి పిన్నును చూశాను. నల్లని గ్రీజు మెరుస్తోంది. ఆ తరువాత బండి దిగింది, మొదటి మలుపులో ఒక ప్రక్కకు ఎగిరి వాలింది, చెట్లు అడ్డంగా తిరిగాయి, ఇంకేమీ ఆలోచించే తీరిక లేకపోయింది.

దిగి వచ్చేసరికి మామయ్య గారు అదే చోట, అదే భంగిమలో ఉన్నారు. ఆయన బండిని చూడడం లేదు, కళ్ళు మూసుకుని వింటున్నారు. మేము వెళ్ళాక అయిదు బండ్లు పోయాయట. అయిదూ ఆ మలుపు దగ్గర ఒకే చప్పుడు చేశాయట, ఒక్కదానిలో కూడా తేడా రాలేదట. "ఏం తాతయ్యా, ఇప్పుడు నమ్మకం కుదిరిందా?" అని మా వాడు అడిగితే ఆయన సమాధానం చెప్పలేదు. నెల తరువాత, ఇనుప పొడి పరీక్ష గురించి చెప్పిన రోజున, వీసా గడువును జనవరి దాకా పొడిగించుకోవడం కుదురుతుందా అని మా వారిని అడిగారు. జనవరిలో ఇక్కడ చలి తట్టుకోలేరని అత్తయ్య గారు వంటింట్లోంచి అన్నారు. చలి సంగతి తరువాత చూసుకోవచ్చని, బండ్లు విప్పే ఆ షెడ్డులోకి బయటివాళ్ళను రానిస్తారో లేదో ముందు కనుక్కోమని మామయ్య గారు నాకు చెప్పారు.